బాగున్న సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ను మధ్యలోనే ఎందుకు ఆపేస్తారు? ఛానెల్ లెక్క, స్టూడియో లెక్క

2002 సెప్టెంబర్ 20, శుక్రవారం రాత్రి అమెరికాలోని ఫాక్స్ నెట్‌వర్క్ ‘ఫైర్‌ఫ్లై’ అనే అంతరిక్ష సిరీస్‌ను మొదలుపెట్టింది. అది కూడా కథలో తర్వాత రావాల్సిన ఎపిసోడ్‌తో. పాత్రలెవరు, ఆ నౌకలోకి ఎలా చేరారు అని చెప్పే రెండు గంటల తొలి ఎపిసోడ్ నెమ్మదిగా ఉందని పక్కన పెట్టి, డిసెంబర్‌లో అన్నిటికంటే చివర వేసింది. ఆ సరికే సిరీస్ రద్దయిపోయింది. తీసినవి 14 ఎపిసోడ్లు, అప్పట్లో ప్రసారమైనవి 11. మరుసటి ఏడాది డీవీడీలు బాగా అమ్ముడుపోయాయి. 2005లో యూనివర్సల్ సంస్థ దాని ఆధారంగా సినిమానే తీసింది.

ఇలాంటి సిరీస్‌లు ఇప్పుడు ఓటీటీ పుణ్యమా అని ఎక్కడైనా దొరుకుతున్నాయి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్లలో, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ క్యాంపస్‌లలో ఇవి చూసే కుర్రకారు తక్కువేం లేరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది కాబట్టి రాకెట్ కథల మీద ఇక్కడి వాళ్లకు ఆసక్తి ఉండటంలో వింతేమీ లేదు. వింతగా తోచేది రెండో సీజన్ కోసం వెతికినప్పుడు. అసలు అది తీయనే లేదని తెలుస్తుంది. ‘ఇంత బాగుంటే ఎందుకు ఆపారు?’ అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. దానికి జవాబు కథలో దొరకదు, ఖాతా పుస్తకంలో దొరుకుతుంది.

తీసేది ఒకరు, వేసేది ఇంకొకరు

సిరీస్‌ను తీసేది నిర్మాణ సంస్థ, అంటే స్టూడియో. ప్రసారం చేసేది ఛానెల్. ఎపిసోడ్‌కు ఇంత అని ఛానెల్ స్టూడియోకు కట్టే మొత్తాన్ని లైసెన్స్ ఫీజు అంటారు. ఆ డబ్బుతో ఛానెల్‌కు దక్కేది సిరీస్ కాదు, దాన్ని ఫలానా దేశంలో ఫలానాసార్లు వేసుకునే హక్కు మాత్రమే. ఈ ఫీజు మామూలుగా తీసే ఖర్చుకంటే తక్కువ ఉంటుంది. మిగిలిన లోటును స్టూడియో భరిస్తుంది. తర్వాత విదేశాలకు, స్థానిక స్టేషన్లకు, ఓటీటీలకు అమ్ముకుని ఆ లోటు పూడ్చుకోవచ్చని దాని ఆశ.

చిత్తూరు వైపు మామిడి తోట పెట్టినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. మొక్కలు చిన్నగా ఉన్నన్నాళ్లూ సాళ్ల మధ్య శెనక్కాయ వేసుకోమని ఇంకొకరికి కౌలుకిస్తారు. కౌలుదారు చూసుకునేది ఈ ఏడు ఎన్ని మూటలు పండాయన్నదే. ఆరేళ్ల తర్వాత తోతాపురి ఎంత కాస్తుందన్నది అతనికి సంబంధం లేని విషయం. ఛానెల్ ఆ కౌలుదారు, స్టూడియో తోట యజమాని. చిక్కల్లా ఒక్కటే: టీవీ వ్యాపారంలో కౌలుదారు లేచిపోతే మొక్కలకు నీళ్లు పోసే దిక్కుండదు.

అమెరికా టీవీలో చాలాకాలం 88, 100 అనే రెండు అంకెలు చలామణీలో ఉండటానికి కారణం ఇదే. స్థానిక స్టేషన్లు పాత సిరీస్‌ను కొని వారానికి ఐదు రోజులు, రోజుకొక ఎపిసోడ్ వేసేవి. దీన్నే సిండికేషన్ అంటారు. 13 ఎపిసోడ్లున్న సిరీస్ రెండున్నర వారాల్లో అయిపోతుంది, అంత చిన్నదాన్ని కొని లాభం లేదు. 22 చొప్పున నాలుగు సీజన్లుంటే 88 అవుతాయి, పదిహేడు వారాలు దాటి వస్తాయి. అంటే నాలుగేళ్లు బతికితేనే స్టూడియోకు అసలు పంట. మొదటి ఏడాదే ఆగిపోతే పెట్టిందంతా పోయినట్టే.

ఎక్కువమంది చూసిన సిరీసే నష్టం తెచ్చే లెక్క

ఊహించిన అంకెలతోనే లెక్క వేద్దాం. గంట సిరీస్ ఒక్కో ఎపిసోడ్‌కు 4 కోట్లు అవుతుందనుకోండి. ఛానెల్ కట్టేది రెండున్నర కోట్లు. మన దేశంలో గంటకు 12 నిమిషాలకు మించి యాడ్లు వేయకూడదని ట్రాయ్ నిబంధన, యాడ్ల ధర 10 సెకన్ల లెక్కన కడతారు. 12 నిమిషాలంటే అలాంటివి 72. ఈ సిరీస్ మధ్యలో 10 సెకన్లకు 3 లక్షలు పలికిందంటే వచ్చేది 2 కోట్ల 16 లక్షలు. ఛానెల్‌కు ఎపిసోడ్‌కు 34 లక్షల నష్టం.

అదే గంటలో గేమ్ షో వేస్తే? ఖర్చు 60 లక్షలు. చూసేవాళ్లు తక్కువ, 10 సెకన్లకు 2 లక్షలే వస్తాయి. మొత్తం ఆదాయం కోటీ 44 లక్షలు. ఖర్చు పోను 84 లక్షలు మిగులు.

మూడో వంతు ధర తక్కువ పలికిన షో లాభం తెచ్చింది, ఎక్కువ పలికిన సిరీస్ నష్టం తెచ్చింది. సిరీస్ చూసేవాళ్ల సంఖ్య మాత్రమే పట్టుకుని ‘ఇంతమంది చూస్తుంటే ఆపడమేంటి’ అని వాదించే అభిమాని, ఖర్చును పక్కన పెట్టి సగం లెక్కే చూస్తున్నాడు. స్టూడియో పరిస్థితి ఇంకా ఘోరం. కోటిన్నర లోటు చొప్పున 13 ఎపిసోడ్లకు 19 కోట్ల 50 లక్షలు మట్టిలో కలిసినట్టే.

రేటింగ్ కొలిచేది ఎవరిని?

రేటింగ్, షేర్ అని రెండున్నాయి, ఒకటనుకుని పొరబడతారు. తిరుపతి కొర్లగుంటలో టీవీ ఉన్న ఇళ్లు వెయ్యి అనుకుందాం. రాత్రి తొమ్మిదికి 600 ఇళ్లలో టీవీ నడుస్తోంది, వాటిలో 60 ఇళ్లలో మన సిరీస్ ఉంది. మొత్తం ఇళ్లలో 6 శాతం కాబట్టి రేటింగ్ 6. నడుస్తున్న టీవీలలో 10 శాతం కాబట్టి షేర్ 10. టీవీలు తక్కువ నడిచే గంటలో షేర్ బాగుండి కూడా రేటింగ్ పడిపోవచ్చు. శుక్రవారం రాత్రి అమెరికాలో ఇదే జరుగుతుంది, కుర్రవాళ్లు బయట తిరుగుతుంటారు. వారంలో ఆ రాత్రికి సిరీస్‌ల శ్మశానం అని పేరు పడింది. ఎన్‌బీసీ 1968లో ‘స్టార్ ట్రెక్’ మూడో సీజన్‌ను శుక్రవారం రాత్రి 10కి నెట్టి, బడ్జెట్ కోసింది. 1969లో 79 ఎపిసోడ్లతో ఆపేసింది. అయితే ‘ఎక్స్‌ఫైల్స్’ 1993లో మొదలైందీ శుక్రవారమే. కాబట్టి స్లాట్ ఒక్కటే చంపదు. ఛానెల్‌కు ఆ సిరీస్ మీద ఆశ సన్నగిల్లిందనడానికి అది గుర్తు మాత్రం అవుతుంది.

రెండో సంగతి, అందరు ప్రేక్షకులకూ ఒకే ధర లేదు. అమెరికాలో ప్రకటనకర్తలు దశాబ్దాల పాటు 18 నుంచి 49 ఏళ్ల వాళ్ల సంఖ్యకే డబ్బు కట్టారు. అరవై ఏళ్లవాళ్లు కోటిమంది చూసినా ఆ ఖాతాలో పడేది స్వల్పం.

మూడోది, ఎప్పుడు చూశారన్నది. సైన్స్ ఫిక్షన్ అభిమానులు కొత్త పరికరాలు ముందుగా కొనేవాళ్లు. రికార్డు చేసుకుని తీరిగ్గా, యాడ్లు దాటేసి చూస్తారు. అమెరికాలో రేటింగ్ కొలిచే నీల్సన్ సంస్థ 2007 నుంచి ‘సీ3’ అనే కొలత తెచ్చింది. ప్రసారమైన మూడు రోజుల్లోపు యాడ్లు ఆడిన నిమిషాలను ఎందరు చూశారో అది చెబుతుంది. నాలుగో రోజు చూసినవాడికి, యాడ్ దాటేసినవాడికి అక్కడ విలువ సున్నా. ఇంటికి దూరంగా చదువుకునే కాలేజీ విద్యార్థులను నీల్సన్ లెక్కలోకి తీసుకున్నదీ 2007లోనే. అంటే ‘ఫైర్‌ఫ్లై’ వచ్చిన రోజుల్లో హాస్టల్ గదిలో టీవీ చుట్టూ పదిమంది గుమిగూడినా ఆ పదిమందీ లెక్కలో లేరు.

మన దగ్గర ఈ పని బార్క్ చేస్తుంది. ఛానెల్ ధ్వనిలో చెవికి వినిపించని గుర్తును కలుపుతారు, ఎంపిక చేసిన ఇళ్లలో మీటరు దాన్ని పట్టుకుంటుంది, ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్లు తమ బటన్ నొక్కాలి. అలాంటి ఇళ్లు దేశం మొత్తంలో 50 వేలకు పైచిలుకు. 2020లో బార్క్ అంచనా ప్రకారం టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లు. రోజూ కోట్లమంది చూసే సీరియల్‌కు ఈ నమూనా సరిపోతుంది. కొద్దిమందే చూసే కార్యక్రమానికి పట్టుమని పది ఇళ్లు అటూఇటూ అయితే అంకె ఊగిపోతుంది.

సైన్స్ ఫిక్షన్‌కే ఈ తిప్పలెందుకు?

తెలుగు డైలీ సీరియల్‌తో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. సీరియల్‌కు ఒక పెద్ద హాలు, రెండు గదులు, ఒక వంటిల్లు చాలు. సెట్ ఒకసారి వేస్తే వెయ్యి ఎపిసోడ్లు అందులోనే లాగించవచ్చు. చీరలు, నగలు స్పాన్సర్లు ఇస్తారు. నౌక లోపలి భాగం వేయాలంటే అలా కుదరదు. తలుపు దగ్గర్నుంచి స్విచ్చుదాకా అంగట్లో దొరకనివే, ప్రతిదీ చేయించాలి. దుస్తులూ అంతే. ఆపైన గ్రాఫిక్స్. షూటింగ్ అయ్యాక కూడా వారాల తరబడి పని, ఆఖరి నిమిషంలో సీన్ మారిస్తే చేసిందంతా వృథా. మొదటి సీజన్‌కే భారం ఎక్కువ, సెట్లు కొత్తగా కట్టాలి కాబట్టి. నాలుగైదేళ్లు నడిస్తే ఆ ఖర్చు ఎపిసోడ్లన్నిటి మీదా పంచుకుని పలచబడుతుంది, కానీ అప్పటిదాకా ఆగే ఓపిక ఛానెల్‌కు ఉండదు. 2011లో ఫాక్స్ వేసిన ‘టెర్రా నోవా’ను ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ అడవుల్లో సెట్లు వేసి, డైనోసార్లను గ్రాఫిక్స్‌లో చేసి తీశారు. 13 ఎపిసోడ్లతో అయిపోయింది.

కథ స్వభావమూ అడ్డమే. నెల రోజులు ఊరెళ్లి వచ్చినా సీరియల్‌లో అత్త ఎవరో కోడలు ఎవరో పది నిమిషాల్లో అర్థమవుతుంది. గ్రహాల మధ్య రాజకీయాలు, కాలయాన నియమాలు ఉన్న కథలో ఐదో ఎపిసోడ్‌కు వచ్చినవాడికి ఏమీ తెలియదు. అందుకే కొత్తవాళ్లు చేరరు, మధ్యలో పోయినవాళ్లు తిరిగి రారు. అంకె మొదటి వారం నుంచి దిగడమే తప్ప ఎక్కడం అరుదు. ‘ఫైర్‌ఫ్లై’ వరస మార్చడం ఇంత పెద్ద తప్పు కావడానికి కారణం ఇదే. క్రికెట్ లాగా అక్కడ బేస్‌బాల్ పోటీలు వచ్చి మధ్యలో వారాలు ఎగిరిపోవడం వేరే దెబ్బ.

నిర్ణయాలకు కాలపట్టికా ఉంది. మే నెలలో అమెరికా ఛానెల్‌లు ప్రకటనకర్తల ముందు కొత్త సిరీస్‌లు పరిచి ఏడాది యాడ్లు అమ్ముకుంటాయి. సెప్టెంబర్‌లో ప్రసారం మొదలు. మొదట 13 ఎపిసోడ్లకే ఆర్డరు ఉంటుంది. నాలుగైదు వారాల అంకెలు చూసి మిగతా తొమ్మిది తీయాలో వద్దో తేలుస్తారు. నెమ్మదిగా పాకానపడే కథకు నాలుగు వారాలు ఏ మూలకి?

ఎవరి చేతిలో ఏ హక్కు? ‘ఫ్రింజ్’, ‘ఎక్స్‌పాన్స్’

‘ఫ్రింజ్’ ఫాక్స్‌లో వచ్చింది, తీసింది వార్నర్ బ్రదర్స్. నాలుగో సీజన్ నాటికి రేటింగ్ పూర్తిగా పడిపోయింది. ఈ సిరీస్ మీద బాగా నష్టపోతున్నామని ఫాక్స్ పెద్దలే 2012 జనవరిలో విలేకరుల ముందు చెప్పారు. అయినా 13 ఎపిసోడ్ల ఐదో సీజన్ వచ్చింది, సరిగ్గా 100 పూర్తయ్యి 2013లో ముగిసింది. వందకు చేరితే స్టూడియోకు ముందున్న అమ్మకాలు బాగుంటాయి. ఆ ఆశ ఉన్నప్పుడు ఛానెల్ కట్టాల్సిన ఫీజు విషయంలో స్టూడియో దిగివస్తుంది. రేటింగ్ తక్కువైనా బతికిన సిరీస్ కనిపిస్తే దాని వెనక ఇలాంటి బేరం ఉందేమో చూడాలి.

‘ది ఎక్స్‌పాన్స్’ సంగతి దీనికి తలకిందులు. 2015లో సైఫై ఛానెల్‌లో మొదలైంది. నిర్మాత ఆల్కన్ సంస్థ. సైఫై చేతిలో ఉన్నది అమెరికాలో టీవీలో వేసుకునే హక్కు ఒక్కటే. తర్వాత ఓటీటీలో చూసినవాళ్ల వల్ల, విదేశాల్లో చూసినవాళ్ల వల్ల దానికి దమ్మిడీ రాదు. విమర్శకులు మెచ్చుకుంటున్నారు, ప్రపంచమంతా చూస్తున్నారు, కానీ ఆ రాత్రి అమెరికాలో టీవీ ముందు కూర్చున్నవాళ్లే సైఫై ఖాతాలోకి వస్తారు. 2018 మేలో, మూడో సీజన్ నడుస్తుండగానే ఆపేసింది. అభిమానులు అమెజాన్ కార్యాలయం మీదుగా బ్యానరు కట్టిన విమానం ఎగరేశారు. ఆ నెల ముగియకముందే అమెజాన్ తీసుకుంటోందని జెఫ్ బెజోస్ ప్రకటించారు. ఇంకో మూడు సీజన్లు నడిచి 2022 జనవరిలో 62 ఎపిసోడ్లతో ముగిసింది. సిరీస్ అదే, ప్రేక్షకులూ వాళ్లే. ఒక సంస్థకు భారమైంది ఇంకో సంస్థకు పనికొచ్చింది, ఎందుకంటే అమెజాన్‌కు అది తన ప్రైమ్ చందాదారులను నిలబెట్టుకునే సరుకు.

అలాగని ఒకే యజమాని ఉంటే భద్రత అనుకోలేం. ‘ఫైర్‌ఫ్లై’ తీసిన స్టూడియో, వేసిన నెట్‌వర్క్ రెండూ ఫాక్స్ కుటుంబానివే.

చందాతో నడిచే ఓటీటీ ఎందుకు ఆపుతుంది?

చందా మీద నడిచే చోట టీఆర్‌పీ బాధ లేదు కదా అనుకుంటాం. అక్కడ కొలత మారింది, అంతే. 2019లో బ్రిటన్ పార్లమెంటు కమిటీకి రాసిన లేఖలో నెట్‌ఫ్లిక్స్ తన కొలతలు బయటపెట్టింది. రెండు నిమిషాలు చూస్తే ‘మొదలుపెట్టినవారు’, ఒక ఎపిసోడ్‌లో 70 శాతం చూస్తే ‘చూసినవారు’, సీజన్‌లో 90 శాతం చూస్తే ‘పూర్తి చేసినవారు’. మొదటి ఏడు రోజులు, 28 రోజుల అంకెలు నిర్మాతలకు చెబుతామని అందులో రాసింది. ఒక సిరీస్‌ను పది లక్షల ఇళ్లలో మొదలుపెట్టి మూడు లక్షల ఇళ్లలోనే చివరిదాకా చూశారంటే, రెండో సీజన్‌కు సిద్ధంగా ఉన్నది ఆ మూడు లక్షలే. చిక్కుముళ్ల కథలు ఇక్కడ ఎక్కువ దెబ్బతింటాయి.

డబ్బు కట్టే తీరూ మారింది. తీసే ఖర్చుకు పైన కొంత లాభం కలిపి ముందే ఇచ్చేసి, ప్రపంచవ్యాప్త హక్కులు తీసుకుంటుంది నెట్‌ఫ్లిక్స్. స్టూడియోకు లోటు లేదు, నిజమే. తర్వాత అమ్ముకునే పంటా లేదు. కాబట్టి నష్టానికైనా నడిపిద్దామని బేరమాడే భాగస్వామి, ‘ఫ్రింజ్’కు వార్నర్ ఉన్నట్టు, అక్కడ ఉండరు. సీజన్ పెరిగే కొద్దీ నటుల, రచయితల పారితోషికాలు ఒప్పందం ప్రకారం పెరుగుతాయి, కొత్త చందాదారులను మాత్రం కొత్త సిరీసే ఎక్కువ తెస్తుంది. ‘1899’ 2022 నవంబర్ 17న విడుదలైంది, 2023 జనవరి 2న రద్దు ప్రకటన వచ్చింది. అదే దర్శక రచయిత జంట అంతకుముందు చేసిన ‘డార్క్’ మాత్రం అనుకున్న మూడు సీజన్లూ పూర్తి చేసుకుంది. వార్నర్, డిస్కవరీ 2022లో కలిశాక ఇంకో అడుగు ముందుకేశారు. ‘వెస్ట్‌వరల్డ్’ను నాలుగో సీజన్‌తో ఆపి, తమ ఓటీటీ హెచ్‌బీఓ మాక్స్ నుంచే తీసేశారు.

ఛానెల్‌ల వాదనలో పస ఎంత?

నెట్‌ఫ్లిక్స్ అధిపతి టెడ్ సరండోస్ 2023లో, తాము విజయవంతమైన షోను ఎన్నడూ ఆపలేదని, చిన్న ప్రేక్షకవర్గానికి చిన్న బడ్జెట్‌తో, పెద్దవర్గానికి పెద్ద బడ్జెట్‌తో చెప్పాలన్నదే సూత్రమని అన్నారు. వినడానికి పొగరుగా ఉన్నా వాదనలో నిజం ఉంది. ఆగిపోయిన సిరీస్‌లలో ఎక్కువ భాగాన్ని ఎవరూ మళ్లీ కొనలేదు. పక్క ఛానెల్ కూడా అదే లెక్క వేసి వద్దనుకుంది. పైగా మనకు గుర్తున్నవి మొదటి సీజన్ బాగున్నవే, వాటి మూడో సీజన్ ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు.

అవతలివైపు వాదన కూడా గట్టిదే. ‘స్టార్ ట్రెక్’ రద్దయ్యాక స్థానిక స్టేషన్లలో రోజూ ఆడి, మొదటిసారికంటే పెద్ద పేరు తెచ్చుకుని, దశాబ్దాల సినిమాలకు, సిరీస్‌లకు పెట్టుబడి అయింది. ఒక రాత్రి అంకె దాన్ని పట్టుకోలేకపోయింది. ఓటీటీల సూత్రం దాని కాలి మీద అదే గొడ్డలి వేసుకుంటోందన్నది నా అభిప్రాయం: ఎలాగూ మధ్యలో ఆపేస్తారని భయపడి జనం ‘పూర్తయ్యాక చూద్దాంలే’ అంటారు, దాంతో మొదటి 28 రోజుల అంకె పడిపోతుంది, దాన్ని చూపించి ఆపేస్తారు.

మన దగ్గర ప్రయత్నాలు లేవని కాదు. దూరదర్శన్‌లో 1998లో ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చింది. 1997లో మొదలైన ‘శక్తిమాన్’ అయితే 2005 దాకా నడిచింది. అక్కడ పద్ధతి తిరగబడి ఉండేది: నిర్మాతే దూరదర్శన్‌కు ప్రసార రుసుము కట్టి, యాడ్ల సమయాన్ని తాను అమ్ముకునేవాడు. రుసుము పెంచుకుంటూ పోవడం వల్లే ఆపాల్సి వచ్చిందని శక్తిమాన్ పాత్రధారి, నిర్మాత ముకేశ్ ఖన్నా బహిరంగంగా చెప్పారు. పేరు పెరిగే కొద్దీ రుసుమూ పెరిగింది. ప్రేక్షకులు తగ్గి కాకుండా, ఉండీ ఆగిన సిరీస్ అది.

ఆపాక మళ్లీ మొదలుపెట్టడం ఎందుకు కష్టం?

రద్దు ప్రకటన వచ్చాక సమయం చాలా తక్కువ. అమెరికా నెట్‌వర్క్ సిరీస్‌లలో నటులను పట్టి ఉంచే ఒప్పందాలు మామూలుగా జూన్ 30తో ముగుస్తాయి. ఆ తేదీ దాటితే ఒక్కొక్కరూ వేరే పనులు ఒప్పుకుంటారు. సెట్లు ఉంచాలంటే స్టూడియో అద్దె కట్టాలి. పగలగొట్టాక మళ్లీ వేయాలంటే మొదటి సీజన్ ఖర్చే. మూడో పక్షం హక్కులు కొనేందుకు వచ్చినా ఈ రెండూ చేజారకముందే రావాలి.

ఇది తెలిసిన రచయితలు ముందుజాగ్రత్త పడతారు. ఐదేళ్ల కథగా రాసుకున్న ‘బాబిలాన్ 5’కు నాలుగో ఏట ప్రసారవేదిక కూలిపోయే పరిస్థితి వచ్చింది. పెద్ద ముడులన్నీ ఆ సీజన్‌లోనే విప్పేసి, చివరి ఎపిసోడ్ కూడా తీసిపెట్టారు. తర్వాత టీఎన్‌టీ ఛానెల్ ఐదో సీజన్‌కు ఒప్పుకోవడంతో ఆ ఎపిసోడ్‌ను ఏడాది దాచి చివర్లో వేశారు. ఐదో సీజన్‌లో కథ పలచబడిందని అభిమానులు ఇప్పటికీ అంటారు, కారణం ఇదే.

సీబీఎస్ 2007లో ‘జెరికో’ను ఒక సీజన్‌తో ఆపినప్పుడు అభిమానులు కార్యాలయానికి శెనక్కాయలు పంపారు, కథలో నాయకుడు అన్న ‘నట్స్’ అనే మాటను పట్టుకుని. మొత్తం 18 టన్నులకు పైగా, 40 కిలోల మూటలైతే 450. సీబీఎస్ దిగొచ్చి ఏడు ఎపిసోడ్లు ఇచ్చింది, కానీ చూసేవాళ్లు పెరగలేదు. నిర్మాతలు అప్పటికే జాగ్రత్తగా రెండు ముగింపులు తీసిపెట్టుకున్నారు: కొనసాగితే వేయడానికి ఒకటి, ఆగిపోతే వేయడానికి ఒకటి. 2008 మార్చిలో సీబీఎస్ రెండోది వేసింది.